మా ఆవిడ నాలుగో పరుపు

నాది సెలూన్. పొద్దుటి నుంచి చీకటి పడే దాకా మనుషుల జుట్టు కత్తిరించి, చొక్కా దులుపుకుని ఇంటికి వస్తే గుమ్మంలోనే కుక్కల జుట్టు ఎదురొస్తుంది. కుర్చీ మీద జుట్టు, దిండు మీద జుట్టు, ఒక్కోసారి మంచినీళ్ల గ్లాసులోనూ ఒక వెంట్రుక తేలుతూ ఉంటుంది. మనుషుల జుట్టు ఊడిస్తే అన్నం దొరుకుతుంది, కుక్కల జుట్టు ఊడిస్తే ఏం దొరుకుతుందని పెళ్లయిన కొత్తలో మా ఆవిణ్ణి అడిగాను. ఇల్లు శుభ్రంగా ఉంటుందని చెప్పి చీపురు నా చేతిలో పెట్టింది. ఆ తర్వాత ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.

మా ఆవిడ కుక్కల్ని పెంచుతుంది, ఈనిస్తుంది, కూనల్ని మంచి ఇళ్లు చూసి ఇస్తుంది. చెప్పడానికి ఇంతే. ఇందులో ఎంత గొడవ ఉందో చూసినవాడికే తెలుస్తుంది. మాది ముందు గది, వెనక గది, వంటగది, దాని వెనక రేకులు వేసిన వసారా. ఆ వసారాలో గోడ వెంబడి నాలుగు పరుపులుంటాయి. పాత దుప్పట్లు మడతపెట్టి, చిరిగిన జీన్సు గుడ్డతో గలీబులు కుట్టి తనే చేసింది. మూడు పరుపుల మీద మూడు ఆడకుక్కలు. నాలుగోది ఖాళీ. మా ఇంట్లో జరిగిన రభసంతా ఆ ఖాళీ పరుపు గురించే, కాని ముందు ఆ మూడింటి సంగతి చెప్పాలి.

పెద్దదాని పేరు డప్పు. వీధి చివర సైకిలు బెల్లు మోగినా, ఎదురింట్లో మూత కింద పడినా, అసలు ఏమీ జరక్కపోయినా మొరుగుతుంది. దానికి వయసైపోయింది, ఇక ఈనించేది లేదని మా ఆవిడ తేల్చేసింది. ఈనని కుక్కని ఇంకా ఎందుకు మేపుతున్నావని అడిగినవాళ్లని, మీ అత్తగారిని ఎందుకు మేపుతున్నారని ఎదురు అడుగుతుంది. రెండోది మిరపకాయ. దానికి కూర్చోవడం రాదు, నిలబడడం రాదు, గెంతడం ఒక్కటే వచ్చు. మూడోది నీడ. మొరగదు, అడగదు, గిన్నె ముందు పెట్టే దాకా ఉన్నచోటు నుంచి కదలదు. మా వీధిలో సగం మందికి మా ఇంట్లో ఉన్నవి రెండు కుక్కలేనని గట్టి నమ్మకం.

మూడూ పొడుగు చెవుల జాతివే. చెవులు దవడ దాటి వేలాడుతుంటాయి. ఆ చెవులు చూసే జనం ముచ్చటపడి ఎగబడతారు. కాని వాటి కింద గాలి ఆడదు. ఒకటి రెండు రోజులు పట్టించుకోకపోతే లోపల చెమ్మ చేరి పుండు పడుతుంది. అందుకని మా ఆవిడ పొద్దున లేస్తూనే ఒక్కోదాని చెవి ఎత్తి, దూదితో తుడిచి, లోపల ముక్కు పెట్టి వాసన చూస్తుంది. పెళ్లయిన కొత్తలో ఆ దృశ్యం చూసి నేను ఆ పూట టిఫిను మానేశాను. వాసన మారితే కంటికి కనపడక ముందే తెలిసిపోతుందట. అదయ్యాక తలకు టోపీ. తినేటప్పుడు చెవులు గిన్నెలో పడి నానకుండా నా పాత సాక్సుల ముందు భాగం కత్తిరించి, గొట్టంలా తలకు తొడుగుతుంది. ఆ తర్వాతే గిన్నె. ముందు చెవులు, తర్వాత టోపీ, చివర గిన్నె. ఈ వరస నాకు ఆవిడ ఎన్నడూ చెప్పలేదు. తనొక్కతే చేసుకునే పని కాబట్టి చెప్పాల్సిన అవసరమూ రాలేదు. నాకు తెలిసిందల్లా నా సాక్సులు నా కాళ్లకు ఉండవని.

మా బావమరిది బుర్రలో ఎప్పుడూ ఏదో ఒక పథకం ఉడుకుతుంటుంది. ఒకసారి కోళ్లన్నాడు, ఒకసారి పుట్టగొడుగులన్నాడు, రెండూ అటకెక్కాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చి, వసారా అంతా కొలతలు తీసేవాడిలా కలియతిరిగి, వెనక స్థలంలో వరసగా గూళ్లు కట్టిస్తే ఇరవై కుక్కలు పడతాయన్నాడు. చేతిలో ఇంత విద్య ఉంచుకుని మూడింటితో సరిపెట్టుకోవడం ఏమిటని అక్క మీద విసుక్కున్నాడు. నేను పేపరు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటున్నాను. మా ఆవిడ సంగతి నాకు తెలుసు, వాడికి తెలియదు.

ఆవిడ వాణ్ణి వసారా గట్టు మీద కూర్చోబెట్టింది. గంట నుంచీ వీటి మధ్యే తిరుగుతున్నావు కదా, కళ్లు మూసుకుని వీటిలో ఏది కుంటుతోందో చెప్పమంది. వాడు కళ్లు మూసుకుని డప్పన్నాడు. కాదంది. మిరపకాయన్నాడు. అదీ కాదంది. మూడోది ఏదని వాడు కళ్లు తెరిచాడు. నీడ వాడి కాళ్ల దగ్గరే పడుకుని ఉంది. ముందు రోజు గోరు విరిగి, కుడి ముందుకాలు ఆనించడం లేదు.

"పొద్దున్నే ఏది తిన్లేదో, ఏది కుంటుతోందో నాకు వెతక్కుండా తెలియాలిరా. ఎన్నింటి దాకా తెలుస్తుందో అన్నే పెంచాలి. నాకు నాలుగింటి దాకా తెలుస్తుంది" అంది ఆవిడ.

మరి మూడే ఉన్నాయేమని వాడు లాయర్లా పట్టుకున్నాడు. అప్పుడు చెప్పింది ఖాళీ పరుపు సంగతి. కూనని ఎవరికిచ్చినా ఆవిడ ఒక మాట తీసుకుంటుంది. ఎప్పుడైనా, ఏ కారణానికైనా పెంచలేకపోతే వీధిలో వదలకూడదు, ఇంకొకరికి అంటగట్టకూడదు, తిన్నగా మా ఇంటికే తెచ్చి అప్పజెప్పాలి. తెచ్చినరోజు దాన్ని పెట్టడానికి చోటుండాలి కదా. ఆ చోటే నాలుగో పరుపు. ఇన్నేళ్లలో ఎవరైనా తెచ్చారా అని బావమరిది అడిగితే ఒక్కరూ తేలేదంది. వాడు నా వంక చూశాడు. నేనూ వాడి వంక చూశాను. వారం వారం ఆ ఖాళీ పరుపు గలీబు ఉతికి ఆరేస్తుందని, ఎవరూ పడుకోని పరుపుకి మాసిన వాసన ఎలా వస్తుందో నాకు అంతుపట్టదని నేను కూడా ఒక రాయి వేశాను. మా ఆవిడ మమ్మల్నిద్దర్నీ ఈగల్ని చూసినట్టు చూసి లోపలికి వెళ్లిపోయింది. బావమరిది ఇరవై గూళ్లూ అక్కడితో కూలిపోయాయి.

ఇక నా సంగతికి వస్తాను. మిరపకాయ తొలిచూలు ఈనింది. ఐదు కూనలు. ఇంట్లో కూనలున్నన్నాళ్లూ మా ఆవిడ మనిషిలా ఉండదు. వెనక గదిలో నేల మీదే పడక, చేతిలో ఎప్పుడూ ఒక తడిగుడ్డ. తల్లి పాలు మరిచి, గట్టి తిండి అలవాటై, నలుగురి మధ్యా బెదరకుండా తిరిగే దాకా ఒక్కదాన్నీ గడప దాటనివ్వదు. కొనడానికి వచ్చినవాళ్లని ఆవిడ వేసే ప్రశ్నలు, అల్లుణ్ణి వెతికే మామగారు కూడా వేయడు. ఇంట్లో పగలెవరుంటారు, మేడ మెట్లకు తలుపుందా, ఊరికి వెళ్తే ఎవరు చూస్తారు, చెవులు తుడవడం వచ్చా. ఒకాయన కారులో వచ్చి, ఇన్ని ప్రశ్నలు నాకు ఉద్యోగమిచ్చినవాళ్లు కూడా అడగలేదన్నాడు. అయితే మీకు ఉద్యోగమే తేలిక, కుక్క కష్టమని పంపించేసింది.

ఐదింటిలో ఒకదానికి రొమ్ము మీద సరిగ్గా చొక్కా బొత్తాం ఉండే చోట గుండ్రటి తెల్ల మచ్చ. బొత్తాం అని పిలిచాను. పేరు పెట్టడమే నా కొంప ముంచింది. సెలూన్ వాడికి పగలంతా నిలబడే ఉద్యోగం. సాయంత్రానికి పాదాలు రెండూ నిప్పుల్లా ఉంటాయి. కుర్చీలో కూలబడి పేపరు తెరవగానే ఈ బొత్తాం ఎక్కడున్నా దొర్లుకుంటూ వచ్చి, నా రెండు పాదాల మీద అడ్డంగా పడుకునేవాడు. ఆ చిన్న పొట్ట వెచ్చదనానికి కాళ్ల తీపు లాగేసేది. నేను కదిలితే లేస్తాడని పేపరు తిప్పకుండా ఒకే పేజీ చదివేవాణ్ణి. సినిమా ప్రకటనలు, తప్పిపోయినవాళ్ల ప్రకటనలు, అన్నీ కంఠతా వచ్చేశాయి. కుక్కలన్నింటినీ అది ఇది అనే మనిషి దీన్ని మాత్రం వాడు వీడు అంటున్నాడేమిటని మా ఆవిడ ఒకసారి వంటగదిలోంచే అంది. నేను పేపరు ముఖానికి ఇంకాస్త అడ్డం పెట్టుకున్నాను.

నాలుగు కూనలు వెళ్లిపోయాయి. బొత్తాం వెనక వీధిలో పుస్తకాలు బైండింగు చేసే ఆవిడకని ఖాయమైపోయింది. ఒంటరి మనిషి. దుకాణం, ఇల్లు ఒక్కటే. మా ఆవిడ వేసిన ప్రశ్నలన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పిన మనిషి నాకు తెలిసి ఆవిడొక్కతే. అందుకే ఆవిడంటే నాకు ఒళ్లు మంట. ఒకరోజు మా ఆవిడ మందుల షాపుకి వెళ్లిన సమయంలో ఆ బైండింగావిడ కూనని చూసిపోదామని వచ్చింది. నేను ముఖం విచారంగా పెట్టి, అమ్మా, మీరు మంచివాళ్లు కాబట్టి చెబుతున్నానని మొదలుపెట్టాను. వీడికి కాగితం కనపడితే చాలు నమిలేస్తాడన్నాను. జిగురు వాసనకి పిచ్చెత్తిపోతాడన్నాను. పగలంతా ఊళపెడతాడని, కొత్తవాళ్ల వేళ్లు కొరుకుతాడని కూడా అన్నాను. ఇవన్నీ అంటున్నంతసేపూ బొత్తాం నా కాళ్ల మీద గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. ఆవిడ వాణ్ణి చూసింది, నన్ను చూసింది. ఆలోచించుకుని చెబుతానని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఆ సాయంత్రం, బైండింగావిడ వెనకాడుతోందని చెప్పి, మా ఆవిడ దగ్గర అసలు సంగతి కదిపాను. ఖాళీ పరుపు ఊరికే ఎండిపోతోంది, ఎవరో వస్తారని ఎవరూ రాని చోటు కాపలా కాయడమేమిటి, నీ లెక్క ప్రకారమే నాలుగు కదా, బొత్తాంతో నాలుగవుతాయి, లెక్కా దక్కుతుంది, కుక్కా దక్కుతుందని నా శాయశక్తులా వాదించాను. పెద్ద యుద్ధానికి సిద్ధపడే ఉన్నాను. మా ఆవిడ పోపుగింజలు ఏరుతున్నదల్లా ఆగి, బొత్తాం వంక కాసేపు చూసి, సరే ఉండనివ్వండి అంది. అంతే. నా వాగ్ధాటికి నేనే ముచ్చటపడ్డాను. మర్నాడు షాపుకొచ్చిన ప్రతివాడికీ, పెళ్లాన్ని ఒప్పించడం ఎలాగో అడక్కుండానే చెప్పాను.

నా సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. ఒక పొద్దున నేను షాపుకి బయల్దేరుతుంటే గుమ్మంలో ఒకమ్మాయి నిలబడి ఉంది. చంకలో పసిబిడ్డ, చేతిలో గొలుసు, గొలుసు చివర ముట్టె అంతా నెరిసిపోయిన పొడుగు చెవుల ముసలి కుక్క. మా ఆవిడ మొట్టమొదట కుక్కని ఈనించినప్పుడు పుట్టిన కూన. లెక్కల మాస్టారొకాయన ఉద్యోగం మానేశాక తోడుంటుందని తీసుకెళ్లాడు. తను ఆయన కూతుర్నని, ఆయన పోయారని ఆ అమ్మాయి చెప్పింది. తనున్నది ఒంటిగది అద్దె ఇల్లు, బిడ్డకి ఉబ్బసం, ఇంటివాళ్లు కుక్కని ఉండనివ్వడం లేదు. ఎవరికైనా ఇచ్చేద్దామంటే నాన్నగారు మాటిచ్చారట కదా ఆంటీ, మీ దగ్గరికే తేవాలని, అంటూ ఆ పిల్ల ఏడ్చేసింది. ఇచ్చిన మాట తండ్రి పోతూ కూతురికి అప్పజెప్పి పోయాడన్నమాట. మా ఆవిడ బిడ్డని నా చేతికిచ్చి, ఆ పిల్లని కూర్చోబెట్టి, కుక్క చెవి ఎత్తి వాసన చూసింది. బాగా చూసుకున్నారమ్మా మీ నాన్నగారు అంది.

మేం దాన్ని పెద్దాయన అని పిలిచాం. ఇంకే పేరూ ఆ ముఖానికి నప్పలేదు. వసారాలోకి తీసుకెళ్తే నాలుగో పరుపు మీద బొత్తాం వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పెద్దాయన ఆ పరుపు దగ్గర నిలబడి, కూర్చోవాలో వద్దో తెలియక, మర్యాద తెలిసిన మనిషిలా మా ఇద్దరి ముఖాలూ చూశాడు. మా ఆవిడ లోపలికి వెళ్లి తన పడక మీద దుప్పటి తెచ్చి నేల మీద పరిచింది.

ఐదు కుదరవని ఆవిడ ఆ రోజే అంది. నేను ఒప్పుకోలేదు. నేనున్నాను కదా అన్నాను. నీకు నాలుగింటి దాకా తెలిస్తే నాకు కనీసం రెండింటి దాకా తెలియదా, ఇద్దరం కలిస్తే ఆరవుతాయి, ఇంకొకటి కూడా తెచ్చుకోవచ్చని లెక్క కట్టి చూపించాను. పొద్దున పనిలో సగం నాది అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాను. చూద్దాం అంది. ఆవిడ చూద్దాం అన్నదంటే గాలి మన వైపు లేదని అర్థం. ఆ సంగతి తెలిసీ నేను తెలియనట్టు నటించాను.

పనులు పంచుకున్నాం. గోల చేసేవన్నీ నాకు, పెద్దాయన ఆవిడకి. ఆయనకి కీళ్ల నొప్పులు, ఆపైన ఇల్లు మారిన బెంగ. చేత్తో పెడితే గాని తినేవాడు కాదు. పొద్దున ఆవిడ సమయమంతా ఆయన ముద్దలకే సరిపోయేది. ఇక నీడ సంగతి. నీడ ఎవరి వంతో మేం అనుకోలేదు. అది గోల చేయదు కదా, ఎవరి చేతికి అందితే వాళ్లం చూద్దామనుకున్నాం. అనుకున్నామని కూడా కాదు, అలా జరిగిపోయింది.

సెలూన్ వాళ్లకి ఒక అలవాటుంటుంది. రద్దీగా ఉన్న రోజు కుర్చీలో ఒకడికి కత్తిరిస్తూనే, బెంచీ మీద కూర్చున్న మరో ఇద్దరి మెడకి గుడ్డ కట్టేస్తాం. మెడకి గుడ్డ పడ్డాక మనిషి లేచి పక్క షాపుకి పోడు. నేను ఆ తెలివే ఇంట్లో చూపించాను. గిన్నెలు చూడగానే అన్నీ మీద పడతాయి కదా, అందుకని వసారాలోకి అడుగుపెడుతూనే వరసపెట్టి అన్నింటికీ సాక్సు టోపీలు తొడిగేసేవాణ్ణి. ఆ తర్వాత తీరుబడిగా డప్పుకి, మిరపకాయకి, బొత్తాంకి ఒక్కొక్క టోపీ పైకి జరిపి చెవులు తుడిచేవాణ్ణి. నీడకి టోపీ మాత్రం తొడిగేవాణ్ణి. చెవుల పని మా ఆవిడ పెద్దాయనతో పాటు చూసుకుంటుంది కదా అనుకునేవాణ్ణి. ఆవిడ పెద్దాయనకి తినిపించి వసారాలోకి వచ్చేసరికి నీడ టోపీ పెట్టుకుని బుద్ధిగా కూర్చుని కనపడేది. టోపీ ఉందంటే చెవులు అయిపోయినట్టే. ఇన్నేళ్లుగా ఆవిడ వరస అదే. గిన్నె పెట్టేసి లోపలికి వెళ్లిపోయేది.

అలా ఎన్నాళ్లు జరిగిందో మాకు ఇప్పటికీ తెలియదు. ఒక పొద్దున నేను గడ్డం గీసుకుంటుంటే మా ఆవిడ వసారాలోంచి నన్ను పిలిచింది. ఎప్పుడూ పిలిచే గొంతు కాదు అది. సబ్బు నురగతోనే వెళ్లాను. నీడ గిన్నెలో తిండి సగం అలాగే ఉంది. ఆవిడ దాని టోపీ తీసి, కుడి చెవి ఎత్తి పట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. వాసన చూడ్డానికి వంగాల్సిన పని లేదు. నిలబడ్డ నాకే తెలిసిపోయింది. లోపలంతా చీము. నీడ తల ఒక పక్కకి వాల్చి, నొప్పికి వణుకుతూ, అప్పుడు కూడా నోరెత్తకుండా తోక ఆడిస్తోంది.

"ఎప్పట్నుంచి తినట్లేదో ఇది... నాకు తెలీలేదండీ" అంది.

ఆ మాటకి నా ప్రాణం ఉసూరుమంది. తిట్టినా బాగుండేది. ఈవిడకి ఇలాంటిది తెలియకపోవడం మా కాపురంలో నేను చూడలేదు. అరగంట ముందే మిరపకాయ పంజాలో ముల్లు దిగితే ఆవిడ వంటగదిలోంచే కనిపెట్టింది. మిరపకాయ ఇల్లెగిరిపోయేలా అరిచింది కాబట్టి.

కుక్కల డాక్టరు మంచివాడు. కోప్పడలేదు, చెవి కడిగి మందు వేసి, పుండు మానుతుంది గాని ఆ చెవికి ఇక సరిగ్గా వినపడదని నెమ్మదిగా చెప్పాడు. దారిలో ఆటోలో నీడ మా ఇద్దరి మధ్య కూర్చుంది. టోపీల సంగతి నేనే నోరు విప్పి చెప్పాను. ఆవిడకీ అప్పుడే అర్థమైంది. నాకు చెప్పకపోవడం తన తప్పంది. అడక్కపోవడం నాది అన్నాను. తప్పు నాదంటే నాదని ఇద్దరం ఎంత పంచుకున్నా నీడకి ఒరిగిందేమీ లేదు.

ఇల్లు దగ్గరికొస్తుంటే ఆవిడ బయటికి చూస్తూ అంది. "అరిచేవాటినైతే ఎన్నైనా పెంచొచ్చండీ. ఇది అరవదు కదా."

బొత్తాంని పంపేద్దామని ఆవిడ అనలేదు. అంటుందేమోనని రెండు రోజులు నేను ఆవిడకి ఎదురుపడకుండా తప్పించుకు తిరిగాను. కుర్చీలో కూర్చోవడం మానేశాను, బొత్తాం వచ్చి కాళ్ల మీద పడుకుంటాడని. వాడు ఖాళీ కుర్చీ కింద కూర్చుని నా కోసం చూసేవాడు. పెద్దాయనని ఇంకెవరూ తీసుకోరు. ఇక ఈనని డప్పుని ఎవరూ తీసుకోరు. ఒక చెవి పోయిన నీడని అసలే తీసుకోరు, తీసుకుంటామన్నా ఇవ్వం. తల్లి మిరపకాయ ఇంటి మనిషి. ఎటు తిప్పి చూసినా, ఎవరి చేతుల్లో పడినా మహారాజులా బతికేది వాడొక్కడే. ఇంతసేపు లెక్కలు వేశాను గాని, నాకు మొదటి రోజే తెలుసు.

షాపుకి సెలవు పెట్టిన రోజు వాణ్ణి చంకలో ఎత్తుకుని వెనక వీధికి వెళ్లాను. మా ఆవిడకి పాలు తేవడానికని చెప్పాను. బైండింగావిడ దుకాణంలో కాగితాల కట్టలకి దబ్బనంతో దారం దూస్తోంది. బల్ల మీద జిగురు డబ్బా, గోడ పొడుగునా అట్టలు. నన్ను చూసి దబ్బనం పక్కన పెట్టింది. వాణ్ణి కింద దించాను. ఒక కాగితం ముక్కని వాసన చూసి, తుమ్మి, బల్ల కింద నీడపట్టున కూర్చున్నాడు.

"కాగితాలు నమిలేస్తాడన్నారు కదన్నా" అంది ఆవిడ.

"అబద్ధమమ్మా. కాగితం జోలికి పోడు. ఎవర్నీ కొరకడు. పగలంతా పడుకుంటాడు, సాయంత్రం కాస్త ఆడుకుంటాడు. పాదాల మీద పడుకునే అలవాటుంది, మీకు ఇబ్బంది కాకపోతే పడుకోనివ్వండి. చెవులు మాత్రం రోజూ..." అంటూ వంగి వాడి చెవి ఒకటి సవరించాను.

మరి ఎందుకలా చెప్పారని ఆవిడ అడగలేదు. ముఖం చూస్తే తెలిసిపోతోంది కాబోలు. స్టూలు లాగి కూర్చోమంది, మంచినీళ్లిచ్చింది. చెవులు తుడవడం మా ఆవిడ తనకి ఎప్పుడో నేర్పిందని చెప్పి, దూది, చెవి మందు తీసుకొచ్చి బల్ల మీద పెట్టి చూపించింది. కూన ఇక రాదనుకున్నాక కూడా ఆ సీసా పారేయలేదన్నమాట. ఇంక నాకు అక్కడ పని లేదు. లేచి వచ్చేశాను. వెనక్కి తిరిగి చూస్తే వాడు లేచి వస్తాడని చూడలేదు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ వసారా గట్టు మీద నీడ తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నా చేతుల్లో పాలూ లేవు, బొత్తామూ లేడు. ఆవిడ కాస్త జరిగి చోటిచ్చింది. పక్కన కూలబడ్డాను. పెళ్లాం ముందు ఏడవడానికి మగవాడికి సిగ్గుండాలంటారు గాని నాకు ఆ పూట సిగ్గు గుర్తు రాలేదు. మొహం తుడుచుకుని, వాడిలాంటివాడు మళ్లీ పుట్టడు, నీకు తెలియదు అన్నాను.

"ప్రతి ఈతలోనూ ఒకటి ఉంటుందండీ" అంది.

నేను తల తిప్పి చూశాను. ఈవిడ చేతుల మీదుగా ఎన్ని కూనలు ఆ గడప దాటాయో నాకు లెక్క తెలియదు. ప్రతిసారీ చెవులు తుడిచి, టోపీ ఒకటి చేతికిచ్చి, జాగ్రత్తలు చెప్పి, తలుపు గడియ పెట్టి తిన్నగా వంటగదిలోకి వెళ్లిపోయేది. నేను పేపరు చదువుకుంటూ, గట్టి మనిషి అనుకునేవాణ్ణి. వంటగదిలోకి వెళ్లి ఏం చేసేదో నేను ఒక్కసారీ లేచి చూడలేదు. బొత్తాంని ఉండనిస్తానని ఆ రోజు అంత తొందరగా ఒప్పుకున్నది నా వాగ్ధాటికి కాదని కూడా నాకప్పుడే తెలిసింది.

"మరి ఇన్నేళ్లూ ఎలా ఇచ్చావే?"

"ఇవాళ మీరిచ్చినట్టే."

మందు వేసే వేళయింది. ఆవిడ నీడ చెవి ఎత్తి పట్టుకుంది, నేను చుక్కలు వేశాను.